తాళపుచెవి యెవరిది?

ఇల్లు విక్రయించినవాడు తాళపుచెవిని తన మొలత్రాటికి కట్టుకొని పోవుట లోకమున నెచ్చటను వినబడదు. కొన్నవాడు మఱునాడు పనివానిని పిలిపించి యింకొక చెవి చేయించుకొన్నచో, అమ్మినవాడు వచ్చి “నా యనుమతి లేక నీ యింటికి రెండవ చెవి యేల?” యని గద్దించుట యంతకన్నను వినబడదు. అట్లడిగినవానికి మతి చలించినదని ఊరివారు నవ్వుదురు. మోటారుకారు విషయమున సరిగా నీ ప్రశ్నయే యడుగబడుచున్నది. నవ్వువారు మాత్రము లేరు. రొక్కము చెల్లించి కొన్న బండికి, తన పేర రిజిస్టరయిన బండికి, తానే పన్ను కట్టుచున్న బండికి రెండవ తాళపుచెవి కావలసివచ్చినపుడు యజమాని దానిని తయారుచేసిన కంపెనీవారి గుమ్మమున యాచకునివలె నిలువవలసి వచ్చుచున్నది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల వీధులలో నొక్క గడియ నిలిచి చూచినవారికి ఈ ప్రశ్న యెందఱిని తాకుచున్నదో తెలియగలదు. గల్ఫు దేశముల యెండలో పదేండ్లు మాడి సెలవునకు వచ్చినవాడు తల్లిదండ్రులను ఆసుపత్రికి త్రిప్పుటకని కొనియిచ్చిన పాతకారు, సిరిసిల్లలో నాలుగు సాంచలు నడుపుకొను ఆసామి చీటీ డబ్బు ముట్టినపుడు కొన్న కారు, కోరుట్ల వర్తకుడు కుమారుడు నడుప నేర్చుకొనుటకని హైదరాబాదునుండి తెచ్చిన కారు, ఇట్టివి కొల్లలుగా నున్నవి. ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి, అచ్చటినుండి మూడవవాని చేతికి వచ్చిన బండ్లివి. బేరము కుదురునప్పుడు ఆర్‌సీ చూతురు, ఇన్సూరెన్సు చూతురు, టైర్లను కాలితో తన్ని చూతురు, బానెటెత్తి ఇంజను చప్పుడు విందురు. రెండవ తాళపుచెవి యేదియని యడుగువారు అరుదు. యాజమాన్యము మార్చుకొనుటకు రవాణాశాఖవారికి సమర్పించు 29వ, 30వ నమూనా కాగితములలోను దాని ప్రసక్తి లేదు. కంపెనీవారు మొదట నిచ్చిన చెవులలో నొకటి యెన్నడో జారిపోయియుండును. చెవి సంఖ్య చెక్కిన చిన్నబిళ్ళ మొదటి యజమాని బీరువాలో నెచ్చటనో తుప్పు పట్టుచుండును. మనకు దక్కునది ఒక్క చెవి. అది బావిలో పడువఱకు, బస్సులో జారువఱకు, లేక దుబాయి విమానమెక్కిన కుమారుని చొక్కాజేబులో సముద్రము దాటువఱకు దాని విలువ యెవ్వరికిని తట్టదు.

అప్పుడు యజమాని తాతలనాటి అలవాటుచొప్పున బజారులో ఇనుపపెట్టె ముందిడుకొని కూర్చున్న తాళాలవానికి కబురంపును. ఆ పనివాడు సామాన్యుడు కాడు. పోయిన చెవిని కంట చూడకయే, గాడులు కోయని మొద్దుచెవిని తాళములో దూర్చి కదలించి, దానిపై పడిన సన్నగీతలను చూచి, ఆకురాయితో రాచి రాచి క్రొత్త చెవిని పుట్టింపగలడు. తలుపు తెఱచుకొనును. స్టీరింగు కదలును. ఇంజను ఒక్క క్షణము అంటుకొని, దగ్గినట్లు దగ్గి, చల్లబడును. కొన్ని బండ్లలో నా దగ్గును గూడ వినబడదు. మీటర్ల పలకపై చిన్నదీపము మినుకుమినుకు మనుచుండును. ఆకురాయి పని అచ్చటితో సరి.

ఈ దీపము వెనుకనున్న యంత్రమునకు ఇమ్మొబిలైజరని పేరు. మారుతి కంపెనీవారు తమ బండ్లలో దీనినే ఐక్యాట్సు అని పిలిచిరి. ఇందులో మంత్రమేమియు లేదు. చెవి యొక్క నల్లని పిడిలో బియ్యపుగింజకన్న కొంచెము పెద్దదియగు చిప్పు నొకదానిని పొదిగియుందురు. దానికి బ్యాటరీ యక్కఱలేదు. (రిమోటు మీటలకు వేసెడి బ్యాటరీ వేఱు, అది చచ్చినను బండి నడచును. ఈ భేద మెఱుగక బ్యాటరీలు మార్చి మార్చి విసిగినవారు కలరు.) తాళము చుట్టును రాగితీగె చుట్ట యొకటి యుండును. చెవిని త్రిప్పగానే ఆ చుట్ట సెకనుకు దాదాపు 1,25,000 సారులు కంపించు విద్యుత్క్షేత్రమును కల్పించును. దానినుండియే శక్తిని గ్రహించి చిప్పు తన సంఖ్యను పలుకును. సంఖ్య సరియైనచో ఇంజనును ఏలు కంప్యూటరు నూనె చిమ్ముటకు సెలవిచ్చును, కానిచో నీయదు.

మొదటితరపు చిప్పులు ఒకే సంఖ్యను చిలుకవలె వల్లించెడివి. వానికి నకలు తీయుట సులభము. తరువాతివి అట్లుగాక, బండి యడిగిన ప్రశ్నకు రహస్యసూత్రముచొప్పున లెక్కగట్టి ప్రతిసారియు వేఱు సమాధానము చెప్పును. అట్టి బండికి క్రొత్తచెవిని పరిచయము చేయవలెనన్న, పెక్కు బండ్లలో ఆ బండికి చెందిన రహస్యసంకేతము కావలయును. ఆ సంకేతము కంపెనీ ఖాతాలో నుండును. ఇటలీదేశపు ఫియట్ కంపెనీవారు 1990వ దశకమున తమ కార్లతో ఎఱ్ఱపిడిగల చెవి నొకదానిని వేఱుగా నిచ్చెడివారు. క్రొత్తచెవులను బండికి నేర్పుటకు ఆ యెఱ్ఱచెవియే గురువు. అది పోయినచో కంప్యూటరునే మార్పవలసి వచ్చెడిది, యజమానులు తిట్టుకొనిరి. అయినను ఆ పద్ధతియందొక న్యాయము కలదు. గురువు యజమాని యింటనుండెను. నేడో, గురువు కంపెనీవారి యింట కాపురమున్నాడు. మనము దక్షిణ పట్టుకొని వారి వాకిట కాచుకొనవలయును.

ఆ దక్షిణ యెట్టిదో విచారింతము. చేతిలో నొక్కచెవి యైన మిగిలియున్నచో కొంత నయము. ఒక్కటియు లేనిచో బండి కదలదు గనుక దానిని మఱియొక బండిపై కెక్కించి కొనిపోవలయును. జగిత్యాలనుండి కరీంనగరము దాదాపు 50 కిలోమీటర్లు. కోరుట్లవారి కింకను దూరము. కొన్ని జాతుల కార్లకు హైదరాబాదు తప్ప గతిలేదు. అచ్చట ఆర్‌సీ చూపవలయును, గుర్తింపు కాగితములు చూపవలయును, పోలీసు ఫిర్యాదు నకలు తెమ్మనుటయు కలదు. ఇవి సబబే. దొంగకు చెవి చేసియిమ్మని యెవ్వరును కోరరు. కాని కాగితములన్నియు సరియై, ఇతడే యజమానియని తేలిన పిమ్మటనైనను సంకేతము చెప్పరే! ముందుగా సొమ్ము కట్టుమందురు, ఫ్యాక్టరీనుండి రావలయునందురు, వారములు గడచును, ఒక్కొక్కయెడ “చెవి విడిగా రాదు, తాళముల జత మొత్తము మార్పవలయును” అందురు. తాళాలవాని కూలి వందలలో నుండగా, ఈ బిల్లు వేలలోనికి పోవును. బండి వెల క్రిందికి దిగుకొలదియు ఈ భారము హెచ్చుచున్నది. పదునైదేండ్లనాటి కారును లక్షకో లక్షన్నరకో కొన్నవానికి, అందులో గణనీయమైన పాలు ఒక్క చెవికి చెల్లించుటకన్న అన్యాయమేమున్నది?

ఇక కంపెనీయే దేశము విడిచిపోయినచో? షెవ్రొలే కార్లు చేసిన జనరల్ మోటార్సువారు 2017లో మనదేశమున అమ్మకము మానివేసిరి. ఫోర్డువారు ఇచ్చట కార్ల తయారీని ఆపుచున్నామని 2021 సెప్టెంబరులో ప్రకటించిరి. వారు పోయినను వారు అమ్మిన బండ్లు పోలేదు. బీట్‌లు, స్పార్కులు, ఐకాన్‌లు, ఫిగోలు మన వీధులలో నడచుచునే యున్నవి. కొన్ని సేవాకేంద్రములు కొంతకాలము నడచునుగాక. ఈ బండ్ల రహస్యసంకేతముల ఖాతా మఱి పదేండ్లకు ఎవరి చేతిలో నుండును? ఏ ప్రభుత్వశాఖ యందైనను నకలు దాఖలు చేయుడని వారిని నిర్బంధించినవారు కలరా?

కంపెనీల పక్షమున వాదించువారు వెంటనే దొంగల భయము చూపుదురు. మన భాషలో ‘మారుతాళము’ అను మాటయే దొంగవాసన కొట్టునుగదా! ఆ వాదమునందు నిజము లేకపోలేదు. దానిని దాచుట మాకిష్టము లేదు. యూరోపియన్ యూనియనులో 1998 అక్టోబరు నుండి క్రొత్త కార్లకు ఇమ్మొబిలైజరు తప్పనిసరి యయ్యెను. నెదర్లండ్సులోని లెక్కలను పరిశీలించి వాన్ ఔర్స్, వోలార్డ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు, దీనివలన 1995–2008 నడుమ కార్ల దొంగతనములు సగటున 40 శాతము తగ్గెనని తేల్చిరి. అమెరికాలో ఈ యంత్రములేక అమ్ముడుపోయిన కొన్ని కియా, హ్యుందాయి కార్లను 2021, 2022 సంవత్సరములలో పిల్లకాయలు సయితము విచ్చలవిడిగా దొంగిలించిరి. కావున యంత్రము మంచిది. యంత్రముతో మాకు పేచీ లేదు.

పేచీ యెచ్చటననగా, దొంగను ఆపునది యంత్రము. యజమానిని ఆపునది కంపెనీ. ఈ రెండును వేఱువేఱు పనులు. వీనిని ఒకే మూటగట్టి, యజమానిని ఆపనిదే దొంగ ఆగడనుట శుద్ధ అసత్యము. 1851లో లండను మహాప్రదర్శన జరిగిననాడు అమెరికా తాళముల పనివాడు హాబ్స్ అనునాతడు, ఎవ్వరికిని లొంగదని ప్రసిద్ధికెక్కిన చబ్ తాళమును అరగంటలోపల తెఱచెను. బ్రామా కంపెనీవారు దశాబ్దములపాటు తమ యద్దాల కిటికీలో నుంచి, తెఱచినవానికి 200 గినీలిత్తుమని సవాలు చేసిన తాళమును పదునాఱు దినముల కాలములో గంటలకొలది శ్రమించి తెఱచెను. తాళములలోని లోపములను బయట పెట్టరాదని నాడును గగ్గోలు పుట్టెను. కాని ఆ లోపములు దొంగలకు ముందే తెలియునని హాబ్స్ పక్షమువారు చెప్పిరి. 1883లో కెర్క్‌హాఫ్స్ అను పండితుడు సైనికలిపులను గూర్చి వ్రాయుచు, పద్ధతి శత్రువు చేత పడినను చిక్కురాకుండ నుండవలెనని సూత్రీకరించెను. గూఢలిపి శాస్త్రమునకు నేటికిని అదియే మూలసూత్రము.

కార్ల కంపెనీలు ఈ సూత్రమును కాలదన్ని పద్ధతినే దాచిపెట్టుకొనిరి. దాగినదా? 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, ఆర్‌ఎస్‌ఏ ప్రయోగశాలవారు కలిసి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సువారి చిప్పు యొక్క రహస్యమును ఛేదించిరి. 2012లో హిటాగ్-2 అను చిప్పు గుట్టు రట్టయ్యెను. మెగామోస్ అను మఱియొక చిప్పు బలహీనతను కనుగొన్న పరిశోధకులపై వోక్స్‌వాగను కంపెనీవారు 2013లో ఇంగ్లండు హైకోర్టునుండి నిషేధాజ్ఞ తెచ్చిరి; ఆ వ్యాసము రెండేండ్లు చీకటిలో మ్రగ్గి 2015లో వెలువడినది. చిప్పును మార్చుటకన్న వ్యాసమును ఆపుట చవుకయని తలచిరి కాబోలు! ఈ లోపల అవే చిప్పులుగల కార్లు లోకమంతట అమ్ముడుపోవుచునే యుండెను.

నేడు మన పట్టణములలో జరుగుచున్నదేమి? కంపెనీ వాకిలి మూసికొన్నది గనుక యజమాని పెరటిదారిని వెదకుకొనుచున్నాడు. విదేశములనుండి వచ్చిన చిన్నయంత్రములను కొని, మీటర్ల పలక క్రిందనున్న పరీక్షా రంధ్రమునకు తగిలించి క్రొత్తచెవిని నేర్పువారు హైదరాబాదులోను జిల్లా పట్టణములలోను వెలసియున్నారు. వారిలో నిపుణులు కలరు, నిజాయితీపరులు కలరు. వారిని మేము నిందింపము. కాని వారికి లైసెన్సు లేదు, రిజిస్టరు లేదు, ఎవరికి ఏ బండి చెవి చేసిరో వ్రాయవలయునను విధి లేదు. పని చెడి కంప్యూటరు మాడినచో జవాబుదారి లేడు. అనగా కంపెనీల గోప్యత దొంగతనమును ఆపలేదు సరికదా, దొరతనమువారి కంటికి కనబడు మార్గమున జరుగవలసిన సాధుకార్యమును చీకటిలోనికి నెట్టినది. ఇనుపపెట్టె ముందు కూర్చున్న మన తాళాలవాడు మాత్రము, తండ్రి నేర్పిన విద్య చేతనుండగానే, కడుపు చేతబట్టుకొని చూచుచున్నాడు.

ఇది యొక్క చెవితో పోవు వ్యవహారము కాదని మన కాంపిటీషను కమిషనువారే తీర్పు చెప్పియున్నారు. 2011లో శంషేర్ కటారియా అనునాతడు చేసిన ఫిర్యాదుపై విచారణ జరిపి, 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించిరి. విడిభాగములను, లోపము కనుగొను పరికరములను స్వతంత్ర మెకానికులకు అందనీయక తమ గుత్తాధిపత్యమును దుర్వినియోగము చేసిరని వారి నిర్ధారణ. కారు కొనువఱకు బజారులో పదిమంది అమ్మకందార్లు. కొన్నక్షణమునుండి దాని బాగుసేతకు ఒక్కడే దొర. ఈ నిజమును కమిషనువారు గుర్తించుట ప్రశంసనీయము. శిక్షణలేని పనివారు, నకిలీ సామానులు అను సాకులను కంపెనీలు చెప్పినవి, అవి నిలువలేదు. కాని పిమ్మట వ్యాజ్యము మెట్లెక్కినది. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునలు టొయోటా, ఫోర్డు, నిస్సాను కంపెనీల విషయమున దోషనిర్ధారణను స్థిరపఱచుచునే జరిమానా లెక్కను విడిభాగముల వ్యాపారమునకు కుదించెను. వివాదము అటుపైని సుప్రీంకోర్టువఱకు సాగినది. ఈ మెట్లెక్కుట దిగుటలలో సిరిసిల్ల ఆసామికి చెవి దొరకినదా?

ఇతర దేశములు దీనిని చక్కబెట్టిన విధము మనకు తెలియనిది కాదు. కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2006లో చేసిన శాసనముచొప్పున, 2008 జనవరినుండి అమ్మిన కార్లకు, యజమాని కోరినపుడు, రిజిస్టరయిన తాళముల పనివానిద్వారా చెవి చేయుటకు వలయు సమాచారమును కంపెనీవారు రేయింబవళ్ళు అందుబాటులో నుంచవలయును. పనివాడు యజమాని గుర్తింపును పరీక్షింపవలయును. అమెరికాలోనే విచారణచేసి చేర్చుకొన్న తాళాలవారి పట్టికయొకటి కలదు; పట్టికలో నున్నవాడు సంకేతము నడిగినచో ఎవడు, ఏ బండికి, ఎన్నడు అడిగెనో దాఖలా నిలుచును. యూరోపులోను బాగుసేత సమాచారమును స్వతంత్ర పనివారికి ఇచ్చితీరవలెనని 2007నాటి నిబంధన శాసించినది. భద్రతకు సంబంధించినదానిని పరీక్షించి గుర్తించిన పనివారికిచ్చు ఏర్పాటు తరువాత వచ్చినది. ఆ దేశములలో దొంగలు లేరా? కంపెనీలు దివాలా తీసెనా? అదే కంపెనీ అచ్చట శాసనమునకు తలవంచి చెప్పు సంకేతమును ఇచ్చట చెప్పకుండుటకు కారణము మన దొంగలు కారు, మన ఉదాసీనత.

మన ప్రభుత్వమువారును మేలుకొనక పోలేదు. బాగుసేత హక్కును గూర్చి కేంద్ర వినియోగదారుల వ్యవహారములశాఖ 2022 జూలైలో కమిటీ వేసినది. వ్యవసాయ పనిముట్లు, సెల్‌ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అను నాలుగింటిని ఎంచుకొన్నది. ఆ సంవత్సరము డిసెంబరు 24న దీనికై పోర్టలును గూడ తెఱచినది. సంతోషమే. కాని కమిటీ వేసినంతనే హక్కు చేతికి రాదు. వాడుకపుస్తకమును అచ్చొత్తి చూపుట వేఱు, సంకేతము నిచ్చుట వేఱు. మోటారు వాహనముల విషయమున ఇమ్మొబిలైజరు సంకేతమును పేరెత్తి చెప్పి, అది యజమాని సొత్తని స్పష్టముగా శాసింపనిదే కంపెనీలు ‘భద్రత’ యను తడిక చాటునకు పోవుట తథ్యము.

ఇన్సూరెన్సు కంపెనీల సంగతియు కొంచెము చెప్పవలసియున్నది. కారు దొంగిలింపబడి పరిహారము కోరినపుడు, తాళపుచెవులన్నియు అప్పగింపుమనుట వారి యాచారము. ఒక్కచెవియే తెచ్చినవానిని అనుమానపు చూపు చూతురు. రెండవది చూపలేదని పరిహారము నిరాకరించుటయు, బాధితులు వినియోగదారుల న్యాయస్థానములకెక్కుటయు పరిపాటి. ప్రీమియము కట్టించుకొనునాడు చెవులెన్నియని యడుగరు. పాతబండికి పాలసీ మార్చునాడు అడుగరు. ఒకరు రెండవచెవిని చేయించుకొననీయరు, మఱియొకరు రెండవచెవి లేదని సొమ్మీయరు. నడుమ నలుగువాడు గృహస్థు.

కావలసినవి పెద్దపనులు కావు. యాజమాన్యము మార్చు నమూనాలో ‘అప్పగించిన తాళపుచెవులు ఎన్ని, సంకేతపు బిళ్ళ కలదా’ యను పంక్తి యొకటి చేర్చిన చాలును. అమ్మువాడు బీరువా వెదకును, కొనువాడు వెల తగ్గించి యడుగును. ఆర్‌సీయు గుర్తింపు కాగితమును చూపిన యజమానికి సంకేతమును నిర్ణీతమైన స్వల్పరుసుముపై వ్రాతమూలకముగా నీయవలయును. దేశము విడుచు కంపెనీ తన సంకేతముల ఖాతాను ప్రభుత్వమువద్ద దాఖలు చేయనిదే సెలవు పుచ్చుకొనరాదు. తాళాలవారికి పోలీసు విచారణతో కూడిన లైసెన్సును, చేసిన ప్రతి చెవికిని రిజిస్టరును ఏర్పఱచి, ఐటీఐలలో ఈ విద్యను నేర్పినయెడల, ఆకురాయి పట్టిన చేతులే ఈ చిన్నయంత్రమును పట్టగలవు. కోరుట్లవాడు కోరుట్లలోనే చెవి చేయించుకొనును.

అంతవఱకు పాతబండి కలవారు ఒక్క పని చేయవలయును. చేతిలో నడచుచెవి యొకటి యుండగానే, ఈ వారముననే రెండవదానిని చేయించుకొనుడు. ఒక్కటి యుండగా రెండవది చేయుట వేఱు, ఏదియు లేనపుడు చేయుట వేఱు. ఖర్చునందును శ్రమయందును ఆ రెంటికి హస్తిమశకాంతరము కలదు. క్రొత్తచెవితో బండిని స్టార్టుచేసి, కొంతదూరము నడిపి చూచిన పిమ్మటనే సొమ్మిండు. తలుపు తెఱచుకొన్నంతమాత్రమున నమ్మకుడు. కంపెనీ వర్క్‌షాపువారు సంకేతము నిరాకరించినచో, నిరాకరించితిమని వ్రాసియిమ్మని యడుగుడు. వ్రాసియీయనిచో మీరే తేదీతో వ్రాసి ఉంచుకొనుడు. జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పఠనమందిరములలో ఈ పత్రికను చదువుచున్నవారిలో పాతకారు కలవారు పదుగురు కూడి, బండిపేరు, సంవత్సరము, కంపెనీవారు చెప్పిన వెల, పట్టిన దినములు ఒక కాగితముపై వ్రాసి వినియోగదారుల వ్యవహారములశాఖకు పంపుదురుగాక. నకలు మాకును పంపినయెడల ఈ పుటలోనే ప్రకటింతుము.